ఊ కొడతావా మరి? (అమ్మమ్మ కథల రికార్డింగ్ డైరీ)

ఏప్రిల్ 26, శనివారం

మొన్న రాత్రి డాలస్ నుంచి అక్క ఫోను. వాళ్ల పాపకి ఆరేళ్లు. పడుకునే ముందు ఏడు చేపల కథ చెప్పమని పట్టుబట్టిందట. అక్క మొదలుపెట్టి, గడ్డిమోపు దాటి, ఆవు దగ్గర ఆగిపోయింది. "ఆవు తర్వాత ఎవరే?" అని నన్నడిగింది. పాలేరు అన్నాను. పాలేరు ఎందుకు మేపలేదు? అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ ఎందుకు పెట్టలేదు? ఇక్కడ నేనూ ఆగిపోయాను. చివర్లో చీమ ఉంటుందని తెలుసు, చీమ కుట్టిందనీ తెలుసు, ఎవర్ని కుట్టిందో ఇద్దరికీ గుర్తు రాలేదు. చిన్నప్పుడు వందసార్లు విని ఉంటాం. వినడమే తప్ప ఒక్కసారీ పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు.

అలా పుట్టింది ఈ ప్రాజెక్టు. తెనాలి దగ్గర మా ఊళ్లో, పెద్దమావయ్య వాళ్లింట్లో అమ్మమ్మ ఉంటుంది. 82 ఏళ్లు. మావాడు సెలవులకి అక్కడే ఉన్నాడు. బళ్లు జూన్ 12న తెరుస్తారు. ఈలోగా శని, ఆదివారాలు హైదరాబాదు నుంచి వెళ్లి 12 కథలు రికార్డు చేయాలి. ఒక్కోటి మూడు నిమిషాల్లోపు. ఇన్‌స్టాగ్రామ్ రీల్ నిడివి 2025 జనవరిలో మూడు నిమిషాలకి పెంచారు కాబట్టి ఆ లెక్క. ముందు ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో, తర్వాత ఇన్‌స్టాలో.

సామాను పెద్దగా లేదు. నా ఫోను, తొమ్మిది వందల రూపాయల కాలర్ మైకు, ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ (రికార్డింగులు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది), ఒక రూళ్ల నోట్‌బుక్.

గ్రూపు గురించి కూడా రాసుకోవాలి. 43 మంది ఉన్నాం. పొద్దున్నే గులాబీ పువ్వుల శుభోదయాలు, పుట్టినరోజు కేకులు, బంగారం రేటు, మధ్యాహ్నానికి ఎవరో ఒకరు పంపే నీతి కథ. ఆ కథలో ఎప్పుడూ ఒక తండ్రి, ఒక కొడుకు, ఒక వృద్ధాశ్రమం ఉంటాయి. కింద ‘కంటతడి పెట్టించే కథ, పది మందికి పంపండి’. అమ్మమ్మ చెప్పిన కథల్లో ఒక్కదానికీ చివర్న నీతి ఉన్నట్టు నాకు గుర్తు లేదు. కథ కంచికి, మనం ఇంటికి. అంతే.

ఏప్రిల్ 27, ఆదివారం

మొదటి రికార్డింగ్. ఘోరం.

మధ్య గదిలో తలుపులు మూసి, ఫ్యాను ఆపాను. మైకులో ఫ్యాను చప్పుడు గాలివానలా వస్తుంది, ఆపక తప్పదు. అసలే ఎండలు. అమ్మమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది, పౌడరు రాసుకుంది, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది. కొంగుకి మైకు తగిలించి "ఇక చెప్పవే" అన్నాను.

"అందరికీ నమస్కారం" అంది. ఏ టీవీ ప్రోగ్రాంలో పట్టుకుందో ఆ నమస్కారం. తర్వాత కథ:

"ఒక రాజుగారికి ఏడుగురు కొడుకులు. వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. గడ్డిమోపు అడ్డమని, ఆవు మేయలేదని, పాలేరు మేపలేదని, అవ్వ బువ్వ పెట్టలేదని, పిల్లోడు ఏడ్చాడని, చీమ కుట్టిందని. అంతే."

"అంతేనా?"

"అంతేగా. ఇంకేముంది దాంట్లో? నీకు తెలీదా ఏంటి?"

47 సెకన్లు. అందులో ఆరు సెకన్లు వంటింట్లో కుక్కర్ విజిల్. చెమటలు కారుతూ బయటికొచ్చాం. అక్క అడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు దొరికింది. చీమ కుట్టింది అవ్వ దగ్గరున్న పిల్లాణ్ని.

మైకు చీరకి రాసుకుని బరబరమంటోంది. చేతి గాజులు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. గాజులు తీయవే అంటే నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను.

అదే రోజు రాత్రి

కరెంటు పోయింది. వాకిట్లో మంచాలు వేసుకున్నాం. మావాడు తాతమ్మ పక్కలో దూరాడు.

"తాతమ్మా, పొద్దున చెప్పావే, చేపల కథ, అది చెప్పు."

"ఊ కొడతావా మరి?"

"కొడతా."

"అనగనగా ఒక రాజుగారు."

"ఊ."

"రాజుగారికి ఏడుగురు కొడుకులు."

"ఊ."

"ఏడుగురూ వేటకి బయల్దేరారు. గుర్రాలెక్కి వెళ్లారంటావా, నడిచి వెళ్లారంటావా?"

"గుర్రాలు!"

"గుర్రాలే. ఆఖరివాడికి మాత్రం గుర్రం లేదు, పొట్టివాడు, అన్న వెనకాల ఎక్కాడు."

ఇలా పావుగంట. చీకట్లో కళ్లు మూసుకుని విన్నాను. ఊ వచ్చేదాకా ఆవిడ తర్వాతి మాట మొదలుపెట్టదు. ఊ చురుగ్గా వస్తుంటే వేగం పెంచుతుంది. ఊ నీరసపడితే కొత్తదేదో తెచ్చి కలుపుతుంది. ఒకచోట ఊ అసలు రాలేదు. అమ్మమ్మ గొంతు కూడా మార్చకుండా, "అప్పుడు ఆవు చింతచెట్టెక్కి కూర్చుంది" అంది.

క్షణం ఆగి, "ఆవు చెట్టెక్కదు తాతమ్మా!"

"ఆఁ, మేలుకునే ఉన్నావా? దిగిందిలే."

నా ఫోను లోపల నాలుగు శాతం చార్జింగ్‌తో చచ్చిపడుంది. ఒక్క ముక్క రికార్డవలేదు. పొద్దున 47 సెకన్లలో ముగిసింది ఈ కథే. పొద్దున ఎదురుగా కూర్చున్నది నేను. తల ఊపుతూ, ఆవిడ ముఖం కాకుండా ఫోన్లో టైమరు చూస్తూ. ఎవరికని చెప్తుంది పాపం.

మే 4, ఆదివారం

తెల్లారి రాస్తున్నాను. నిన్న రాత్రి రెండో ప్రయత్నం. ఈసారి గది లేదు, మంచి చీర లేదు, చెప్పవే అనడం లేదు. వాకిట్లో మంచం. మైకు కొంగుకి కాకుండా ఇద్దరి తలల మధ్య, దిండు గలీబులో దూర్చాను, తల మాత్రం బయటికి ఉండేట్టు. అమ్మమ్మకి చెప్పే చేశాను. "నీ ఇష్టం, నాకు మాత్రం చూపించబాక" అంది.

తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. కీచురాళ్లు ఉన్నాయి, వీధి కుక్క ఉంది, ఎక్కడో రైలు కూత ఉంది. పోనీ. అవి లేకపోతే అది మా వాకిలే కాదు.

చేపలు ఎండబెట్టే చోట మావాడు అడ్డం తగిలాడు. "ఎండబెట్టడం ఎందుకు? రాజుగారింట్లో ఫ్రిజ్ లేదా?"

"ఎందుకు లేదూ. ఉంది. కరెంటు పోయింది."

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఎనభై దాటిన మనిషి, కథ ఆపలేదు, తడుముకోలేదు. వాడి ప్రశ్న కథలో కలిసిపోయింది. ఆ తర్వాత పాలేరుకి బువ్వ ఎందుకు పెట్టలేదన్న చోట అవ్వ కూడా "చీకట్లో పొయ్యి కనపడలేదు, పైగా పిల్లాడు ఏడుస్తున్నాడు" అంటుంది. ఒకసారి కరెంటు పోయిందన్నాక కథ మొత్తానికీ పోయినట్టే. ఇంత లెక్కగా ఉంటుందని నేను అనుకోలేదు.

చీమ దగ్గరికొచ్చేసరికి గొంతు బాగా తగ్గించింది. "చీమా చీమా, ఎందుకు కుట్టావు?" మావాడి ఊ కూడా గుసగుసే. "నా బంగారు పుట్టలో వేలు పెడితే..." ఇక్కడ ఆగింది. ఎంతసేపు ఆగిందో తర్వాత ఆడాసిటీలో కొలిచాను, నాలుగు సెకన్లు. "...కుట్టనా!" అని వాడి తొడ మీద గిల్లింది. వాడి కేకకి రికార్డింగ్ గ్రాఫు పైకప్పుకి కొట్టుకుంది. ఆ చోట సౌండ్ పగిలింది. బాగుచేయను.

మే 9, శుక్రవారం

హైదరాబాదు. నాలుగు రాత్రులు ఎడిటింగ్.

ముందు కీచురాళ్ల సంగతి. ఆడాసిటీలో మాటలేమీ లేని రెండు సెకన్ల ముక్క ఎంచుకుని, ఇదిగో ఇదీ చప్పుడు అని చూపిస్తే, మిగతా మొత్తంలో అలాంటిదాన్ని తగ్గిస్తుంది. ఎక్కువ తగ్గిస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. సగంలో ఆపాను.

అసలు తప్పు తర్వాత చేశాను. మూడు నిమిషాల్లోకి కుదించాలని ఊ లన్నీ కోసేశాను. లెక్కపెట్టాను, 61 ఊ లు. వాటితోపాటు ముందూ వెనకా ఉన్న ఖాళీలు. ఫ్రిజ్ ప్రశ్న కూడా తీసేశాను, కథకి సంబంధం లేదని. రెండు నిమిషాల 52 సెకన్లకి దిగింది. మంచి ఇయర్‌ఫోన్స్‌లో శుభ్రంగా వినపడుతోంది. అక్కకి పంపాను. ఒక బొటనవేలు వచ్చింది. పాప ఏమంది అని అడిగితే, "టూ ఎక్స్‌లో పెట్టుకుని వినేసింది" అంది.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌ని వేగం పెంచి వినే సదుపాయం 2021లో వచ్చింది. నేనూ వాడతాను, ముఖ్యంగా ఆఫీసు మెసేజ్‌లకి. కానీ ఆ నాలుగు సెకన్ల ఆగుడు ముందే నా కత్తెరకి పోయింది. మిగిలిన కాస్తా టూ ఎక్స్ మింగింది. అమ్మమ్మ మధ్య గదిలో చెప్పిన 47 సెకన్ల కథని నాలుగు రాత్రులు కష్టపడి మళ్లీ తయారుచేశానన్నమాట.

ఉక్రోషంతో కోయని తొమ్మిది నిమిషాలదీ పంపి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అక్క దగ్గర్నుంచి మెసేజ్: "ఇది మామూలు స్పీడులోనే విన్నది. మీవాడితో పోటీపడి ఊ కొట్టింది. వాడికంటే ముందే కొట్టాలని చూస్తోంది."

మే 11, ఆదివారం

ఎదురింటి తాతయ్యకి ఈ ఊ ల గొడవ చెప్పాను. నవ్వి, "వంతలు లేకుండా బుర్రకథ చెప్తానన్నట్టుంది నీ వరస" అన్నాడు.

ఆయన కుర్రతనంలో ఈ చుట్టుపక్కల ఎక్కడ బుర్రకథ అన్నా సైకిలేసుకుని వెళ్లేవాడట. షేక్ నాజర్‌ది ఇదే గుంటూరు జిల్లా, పొన్నెకల్లు. బుర్రకథ పితామహుడని పేరు, 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో పోయారు. ప్రజానాట్యమండలితో కలిసి ఊరూరా పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పారు. తాతయ్య అరుగు మీదే లేచి నిలబడి చూపించాడు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేలికి అందె అనే మోగే ఉంగరం, కాళ్లకి గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకొక వంత ఊళ్లో సంగతులు, రాజకీయాలు లాగుతాడు.

"కథకుడు ఒక మాట అంటాడు. వంత ఊరుకోడు. ‘అయితే గురువుగారూ, ఆయన అలా ఎందుకు చేశాడంటారూ?’ అంటాడు. జనం నోట్లో ఉన్న ప్రశ్న అదే. వాడు అడిగేస్తాడు."

మనం ‘వంత పాడటం’ అనే మాటని తిట్టుకింద వాడేస్తున్నాం, అవతలివాడు ఏమన్నా తందానా అనేవాణ్ని. అసలు వంత పని అడ్డం తగలడం. మావాడి ఫ్రిజ్ ప్రశ్న నేను కోసి పారేసిన సంగతి తాతయ్యకి చెప్పలేదు.

నిర్ణయం: మూడు నిమిషాల రూలు పోయింది. ఊ లు ఉంటాయి. కథని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ప్రశ్న దగ్గర ఆపుతాను. ‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు?’ దగ్గర మొదటిది. పాత ఎత్తే ఇది. విక్రమార్కుడి భుజం మీద బేతాళుడు చేసింది అదే కదా. కథంతా చెప్పి చివర్న చిక్కుప్రశ్న వేసేవాడు. జవాబు తెలిసీ చెప్పకపోయావో నీ తల పగిలిపోతుందనేవాడు. ఈ రోజు రీల్స్‌లో ‘మీ అభిప్రాయం కామెంట్‌లో చెప్పండి’ అనేవాళ్లు చాలా మర్యాదస్తులు.

మే 18, ఆదివారం

బుధవారం ఇన్‌స్టాలో మొదటి ముక్క పెట్టాను. అమ్మమ్మ ముఖం చూపించకూడదన్నది షరతు. కాబట్టి వీడియోలో కనిపించేది పందిరి కింద ఎండుతున్న వడియాలు, ఒక చేట, ఆవిడ చేతులు. కింద తెలుగు అక్షరాలు. వాటిని చేత్తోనే టైపు చేశాను. దానంతట అదే మాటలు రాసిపెట్టే యాప్ ఒకటి వాడి చూస్తే గడ్డిమోపుని ‘గడియ చూపు’ అని రాసింది. పాలేరు ‘పాలు ఏరు’ అయ్యాడు. బాగానే ఉంది కానీ వేరే కథ.

ఇవాళ్టికి 212 మంది చూశారు. వైరల్ అనే మాటకి చాలా దూరం. కానీ కింద 31 కామెంట్లున్నాయి. నాకు అది చాలా ఎక్కువ. ఎవరూ ‘సూపర్’ అనలేదు. కొట్టుకున్నారు.

పాలేరు కాదు, గొల్లవాడు అన్నారు ఒకరు. ఇంకొకరు, మా ఇంట్లో బువ్వ పెట్టనిది అవ్వ కాదు, అమ్మ. ఆవు కాదు దూడ అని ఇంకెవరో. ఒకావిడ మాత్రం ‘రాజుగారి కొడుకులు వేటకెళ్లి చేపలు తేవడమేంటి, వేటకెళ్తే జింకో కుందేలో రావాలి గానీ’ అని నిలదీసింది. ముప్ఫై అయిదేళ్లలో నాకు ఈ అనుమానం రాలేదు.

ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. గొల్లవాడికి ఒప్పుకుంది. దూడకి ఒప్పుకోలేదు ("దూడ పాలు తాగుతుంది, గడ్డిమోపు మేస్తుందా"). జింకావిడ ప్రశ్నకి ఆలోచించి, "చెరువులో వేట. చేపల వేట అనరూ? ఆవిడకి అదే చెప్పు" అంది. చెప్పాను. ఆవిడ ‘ఊ’ అని రాసింది. నిజంగా అదొక్క అక్షరమే రాసింది.

మే 25, ఆదివారం

ఈ వారం తప్పంతా నాదే.

కిందటి శనివారం అమ్మమ్మ అనగనగా కథ కాకుండా జరిగిన కథ ఒకటి చెప్పింది. నీటి వంతుల రోజుల్లో మా తాతయ్యకి వరసకి అన్న ఒకాయన అర్ధరాత్రి పొలానికెళ్లి, మా బోదెకి అడ్డుకట్ట వేసి తన మడికి నీళ్లు తిప్పుకోబోయి, బురదలో నడుములోతు దిగబడి, తెల్లారేదాకా బయటికి రాలేక, చివరికి మా తాతయ్యనే కేకేసి పిలిచిన కథ. తాతయ్య తాడు పట్టుకెళ్లి లాగుతూ "అన్నా, ఏ పని మీద వచ్చావు?" అని అడగడం, ఆయన "నీ చేను బాగుందో లేదో చూద్దామని" అనడం. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. పేర్లతో సహా ఇంటి గ్రూపులో పెట్టేశాను.

ఆయన మనవడు ఆ గ్రూపులోనే ఉన్నాడు. గంటలో బయటికి వెళ్లిపోయాడు. రాత్రి పెద్దమావయ్య ఫోను: "పెద్దాయన పోయి ఇరవయ్యేళ్లయిందే. ఇప్పుడా ఆ సంగతి ఊరందరికీ?" అందరికీ డిలీట్ చేశాను. విననివాళ్లు ఎవరైనా మిగిలుంటే వాళ్లకి పనికొచ్చింది.

నిన్న అమ్మమ్మ దగ్గర కూర్చుని ఏడుపు ముఖం పెట్టాను.

"పిచ్చిదానా, పేర్లు పెట్టి చెప్తారా ఎవరన్నా? అనగనగా ఒక ఊళ్లో ఒక రైతు, ఆ రైతుకి ఒక అన్న అని చెప్పుకోవాలి."

"నువ్వు పేర్లతోనే చెప్పావుగా!"

"నీకు చెప్పాను. ఊరికి చెప్పానా?"

అనగనగా అంటే ఏదో పిల్లల కోసం పెట్టిన మాట అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఆ ఒక్క మాటతో మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ తీసి పక్కన పెట్టేయొచ్చు. బురద, తాడు, ‘నీ చేను చూద్దామని’ అన్న అబద్ధం మాత్రం మిగులుతాయి. కావలసింది అవే. మనవడికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "సర్లే అక్కా" అన్నాడు. గ్రూపులోకి మాత్రం తిరిగి రాలేదు.

ఇకపై రూలు: జరిగిన కథలు ఏవైనా ముందు అమ్మమ్మ, తర్వాత ఆ ఇంటివాళ్లు సరే అంటేనే.

జూన్ 1, ఆదివారం

ఇవాళ రికార్డింగ్ లేదు. నిన్న సాయంత్రం గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. 38 సెకన్లు, పైన చాలాసార్లు తిరిగిందని చెప్పే రెండు బాణాల గుర్తు. మగ గొంతు, రొప్పుతోంది. తెల్ల వ్యాను, ముసుగులు, పక్క ఊళ్లో ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని పోయారు, మా బావమరిది కళ్లారా చూశాడు, పిల్లల్ని బయటికి పంపొద్దు. ఏ పక్క ఊరో చెప్పడు. అత్తయ్య మావాణ్ని గేటు దాటనివ్వలేదు.

కథ చెప్పే పని నేర్చుకుంటున్నదాన్ని కాబట్టి రెండోసారి విన్నాను. పనితనం బాగుంది. రొప్పు ఉంది, వ్యాను రంగు ఉంది, కళ్లారా చూసిన బావమరిది ఉన్నాడు. లేనిది అనగనగా. అమ్మమ్మ కథ మొదటి మాటలోనే నేను కథనని ఒప్పేసుకుంటుంది. ఇది ఒప్పుకోదు.

అమ్మమ్మ అడిగింది. "ఎవరే ఆ మాట్లాడేది?"

"తెలీదు."

"మీ అత్తకి ఎవరు పంపారు?"

అత్తయ్యకి టైలరు పంపాడు. టైలరుకి ఫోన్ చేశాం, వాళ్ల తోడల్లుడు పంపాడట. తోడల్లుడికి చేశాం, చిట్టీల గ్రూపులో వచ్చిందట. నేను ఒక్కో నంబరు నొక్కుతుంటే పక్కన మావాడు మొదలెట్టాడు: "టైలరూ టైలరూ, ఎందుకు పంపావు? తోడల్లుడు పంపాడు. తోడల్లుడా తోడల్లుడా, ఎందుకు పంపావు?" అత్తయ్యకి కూడా నవ్వాగలేదు. చిట్టీల గ్రూపు ఆయన ఫోన్ ఎత్తలేదు. చీమ దాకా మేం చేరలేదు.

నవ్వులాట కాదు నిజానికి. 2018లో ఇలాంటి మెసేజ్‌లే తిరిగి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన మెసేజ్‌నైతే ఒకసారికి ఒక్క చాట్‌కే. ఆ 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టారు. ఊరికో పోలీసుని బాధ్యుడిగా పెట్టి, డప్పు కళాకారులతో ఊళ్లలో పాటలు పాడించి పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. నోటీసు అంటిస్తే ఎవరు చదువుతారు. డప్పు మోగితే జనం చేరతారు, చేరితే ‘అయితే ఆ వ్యాను సంగతేంటి’ అని అక్కడికక్కడే అడుగుతారు. ఎవరి మంచం మీద వాళ్లు పడుకుని చెవిలో వినే మెసేజ్‌ని ఎవర్ని అడగాలి?

రాత్రి అమ్మమ్మ తనే ఫోను అడిగింది. గ్రూపులో ఆవిడ పెట్టిన మొదటి వాయిస్ మెసేజ్ ఇది: "నేనర్రా, అమ్మమ్మని. ఇందాకటి వ్యాను ఎవరు చూశారో వాళ్ల పేరు నాకు చెప్పండి. తెలీకపోతే ఇంకోళ్లకి పంపబాకండి. అన్నాలు తినండి." ఎవరూ పేరు చెప్పలేదు. పదకొండు మంది దండాలు పెట్టారు.

జూన్ 8, ఆదివారం

ఎల్లుండి మావాణ్ని తీసుకెళ్లిపోవాలి. లెక్క చూసుకుంటే పన్నెండింటికి ఏడు అయ్యాయి. మిగిలినవి నోట్‌బుక్‌లో పేర్లుగా ఉన్నాయి. ఒకటి రెండు దసరాకి. ఒకటి అసలు కుదరదేమో, ఎందుకంటే అది పాటగా చెప్పాల్సింది, అమ్మమ్మకి ఇప్పుడు ఆయాసం. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి దాచాను. ఒక్కో ఫైలు పేరు చివర ఆ రోజు ఊ కొట్టింది ఎవరో కూడా రాశాను. మూడింటికి మావాడు, రెండింటికి పక్కింటి పిల్లలు, ఒకదానికి ఎదురింటి తాతయ్య. ఏడోదానికి పాప.

అది ఇవాళ్టిది. పొద్దున ఎనిమిదింటికి వీడియో కాల్. డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర, పాప పడుకునే వేళ. "పొద్దున్నే కథలేంటే, పళ్లన్నా తోముకోనీ" అని విసుక్కుంటూనే కూర్చుంది. నెట్ సరిగ్గా లేదు. అమ్మమ్మ ఒక మాట అంటుంది, పాప ముఖం కదలకుండా ఉంటుంది, రెండు సెకన్ల తర్వాత ఊ వస్తుంది. మొదట్లో అమ్మమ్మ తడబడింది, పిల్ల వినట్లేదేమోనని మళ్లీ అదే మాట అంది. రెండు ఊ లు కలిసి వచ్చాయి. మూడోసారికి అర్థమైపోయింది. మాట అనడం, తీరిగ్గా చెంబెత్తి ఒక గుక్క మంచినీళ్లు తాగడం, ఊ రాగానే తర్వాతి మాట. పాప నిద్రపోయేసరికి చెంబు ఖాళీ.

మధ్యాహ్నం గ్రూపులో అక్క ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. పొద్దున కాల్‌కి ముందే పాప తనంతట తను చెప్పిందట. నిమిషం పది సెకన్లు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. రాజుగారికి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, చేపల్ని డ్రయర్‌లో వేశారు, ఒకటి ఎండలేదు. గడ్డిమోపు బదులు ఒక టవల్ అడ్డమొచ్చింది. ఆవుకి బదులు ఎవరొస్తారా అని నేను చెవులు రిక్కించాను. ఆవు ఆవుగానే వచ్చింది, డ్రయర్ పక్కనే.

అమ్మమ్మ ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటోంది. పాప ఒక్కో మాటకీ ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ అమ్మమ్మ "ఊ" అంటోంది.

"అది రికార్డింగే, దానికి నువ్వు ఊ కొడితే వినపడదు" అన్నాను.

"తెలుసులే, నువ్వు మాట్లాడబాక" అని చెయ్యూపి, మళ్లీ మొదట్నుంచి పెట్టమంది.